పాత రిమోట్ కారు: బాగుచేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టే అమ్మాలా?

సజ్జమీదిపెట్టె (హనుమకొండ):

సభ్యులందరికీ నమస్కారం. మా మేనమామ కువైట్‌లో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే రోజుల్లో కొని, 1982లో సెలవు మీద వచ్చినప్పుడు వెంట తెచ్చిన రిమోట్ కారు ఒకటి ఇప్పుడు నా చేతికి వచ్చింది. ఆయన పోయి ఏడాది దాటింది. ఇల్లు సర్దుతుంటే సజ్జ మీద, ఇత్తడి గుండిగల వెనుక, చద్దరులో చుట్టిన పెట్టె ఒకటి బయటపడింది. పెట్టె మీద తమియా శాండ్ స్కార్చర్ అని ఉంది. లోపల ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఆకారంలో, దాదాపు పదో వంతు పరిమాణంలో ఉన్న కారు, దానిని విడిభాగాల నుంచి ఎలా బిగించాలో చూపే పుస్తకం, ఒక రిమోట్ ఉన్నాయి. పుస్తకంలో ప్రతి మెట్టు దగ్గరా మామయ్య పెన్సిల్‌తో టిక్కు పెట్టుకున్నారు.

కారు పరిస్థితి దాచకుండా చెబుతాను. బాడీకి ఆయనే బ్రష్షుతో పసుపు రంగు వేశారు, దగ్గరగా చూస్తే బ్రష్షు గీతలు కనిపిస్తాయి. వెనుక కుడి మడ్‌గార్డుకు వెంట్రుకంత బీట ఉంది. ఇన్నేళ్లు ఎండకాలపు సెగలో సజ్జ మీద ఉండడంతో టైర్లు గట్టిపడి, నేలను ఆనిన చోట చదునై పగిలాయి. బ్యాటరీ కారి, దాని చుట్టూ తెల్లటి పొడి పేరుకుంది.

వరంగల్ చౌరస్తాలో బొమ్మలమ్మే ఒకాయన ఆరు వేలు ఇస్తానన్నారు. హైదరాబాద్‌కు చెందిన ఒక సేకరణదారు ఫోటోలు చూసిన పది నిమిషాల్లోనే ముప్పై వేలు అన్నారు, ఎవరినీ బాగుచేయనివ్వవద్దని కూడా అన్నారు. ఇక్కడ మోటారు మోడళ్లు బాగుచేసే ఒక మెకానిక్ మాత్రం బాడీకి కొత్త రంగు స్ప్రే చేసి, టైర్లు మార్చి, లోహపు భాగాలు పాలిష్ చేస్తే ధర రెట్టింపు అవుతుందని, తన ఖర్చు తొమ్మిది వేలని చెబుతున్నారు. అమ్మగా వచ్చే డబ్బు మా అత్తమ్మకు చేరాలి. ఆమె నా మీద నమ్మకంతో అప్పగించారు కాబట్టి తొందరపడి తక్కువకు ఇచ్చేయలేను, అలాగని ఆమె సొమ్ములోంచి తొమ్మిది వేలు తీసి అనవసరంగా ఖర్చు పెట్టలేను. తెలిసినవారు తమ కారణాలతో సహా చెప్పగలరు.

డీజిల్‌షెడ్ (కాజీపేట):

నా అభిప్రాయం సూటిగా చెబుతాను: బాగుచేయించండి. పగిలిన టైర్లతో, తెల్లటి పొడి పట్టిన వస్తువును చూసి పూర్తి ధర పెట్టే మనిషి మన దేశంలో ఎంతమంది దొరుకుతారు? పాత బుల్లెట్టును కొనేవాళ్లు కూడా ఇంజన్ తిరుగుతుందా అని ముందు కిక్కు కొట్టి చూస్తారు. తిరిగే వస్తువు విలువ తిరగడంలోనే ఉంటుంది. పైగా ముట్టుకోవద్దని చెప్పిన వ్యక్తి కొనబోయేవారే. ఆయన మాటలో ఆయన లాభం ఎంత ఉందో కూడా మీరు ఆలోచించాలి. మీరు బాగుచేయకుండా ఇస్తే ఆయన బాగుచేసుకుని, ఆ తేడా తానే మిగుల్చుకుంటారు.

పాతచక్రం (కరీంనగర్):

డీజిల్‌షెడ్ గారు చివర అన్న మాట సరైనదే, కొనేవారి సలహాను సలహాగా తీసుకోకూడదు. కానీ ఈ ఒక్క విషయంలో ఆ సలహా నిజం కూడా. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాల్సి ఉంది.

ముందుగా మీ దగ్గర ఉన్నదేమిటో తేల్చుకోండి. జపాన్‌లోని షిజువోకా కేంద్రంగా ఉన్న తమియా కంపెనీ తన మొదటి రిమోట్ కారును, పోర్షే 934ను, 1976లో విడుదల చేసింది. శాండ్ స్కార్చర్ 1979లో వచ్చింది, దాని కిట్ (కొన్నవారే బిగించుకునే విడిభాగాల పెట్టె) నంబరు 58016. అదే కారును 2010లో మళ్లీ విడుదల చేశారు, దాని నంబరు 58452. మామయ్య తెచ్చిన ఏడాదిని బట్టి మీది మొదటిదే అయి ఉండాలి, అయినా పెట్టె మీదా పుస్తకం మీదా నంబరు చూసి, రెండింటినీ స్పష్టంగా ఫోటో తీయండి. మీ మాట మీద కాక ఆ ఫోటో మీదే కొనేవారు డబ్బు పెడతారు.

ఇప్పుడు అసలు చర్చకు వస్తాను. ఈ కారుకు అంత పేరు రావడానికి కారణం దాని నిర్మాణం. అసలు బీటిల్ కారు సస్పెన్షన్ పద్ధతినే చిన్నది చేసి, చక్రాలను పట్టి ఉంచే చేతులను (ఆర్మ్‌లను) లోహంతో పోత పోసి తయారుచేశారు. రేడియో సామాన్లు ఇసుకకూ నీటికీ అందకుండా పారదర్శకమైన మూత ఉన్న పెట్టెలో అమర్చారు. ఈనాటి ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్ అందులో లేదు. రిమోట్ చెప్పినట్టు కదిలే సర్వో అనే చిన్న మోటారు ఒక కాంటాక్టును జరిపితే, కరెంటును తగ్గించే రెసిస్టర్ గుండా వెళ్లే కరెంటును బట్టి వేగం మారేది. 1979 నాటి పనితనాన్ని చేత్తో పట్టుకుని చూడాలనే కోరికతోనే సేకరించేవారు కొంటారు. పరుగెత్తే కారు మాత్రమే కావాలనుకునేవారికి 2010 నాటిది ఉంది, దాని భాగాలు కూడా దొరుకుతాయి. మీ కారుకు ఆ కొత్త భాగాలు బిగించి, కొత్త రంగు వేస్తే అది పాతదీ కాదు, కొత్తదీ కాదు. మొదటి రకం కొనుగోలుదారుకు అందులో చూడదగినది పోతుంది, రెండో రకం వ్యక్తి దానికంటే కొత్తదే మేలనుకుంటాడు.

ఇది పుస్తకాలు చదివి చెబుతున్న మాట కాదు. 2009లో నేను 1983 నాటి తమియా ఫ్రాగ్ అనే రిమోట్ కారు ఒకటి కొన్నాను. రంగు మాసిపోయిందని బ్రేకు ఆయిలులో నానబెట్టి, పాత రంగంతా గీకి, కొత్తగా స్ప్రే చేయించి, నకలు స్టిక్కర్లు అంటించాను. చూడడానికి షోరూంలోంచి తెచ్చినట్టే ఉండేది. అమ్మకానికి పెట్టినప్పుడు ఒక పెద్దాయన నన్ను ఒకటే ప్రశ్న అడిగారు, రంగు మొదటిదేనా అని. కాదని చెప్పగానే తానిస్తానన్న ధరలో సగానికంటే తక్కువ చెప్పారు. ఆ రోజు నాకు కోపం వచ్చింది, కానీ తప్పు ఆయనది కాదు. రంగు వేయాలనుకుంటే కొన్నవారు ఎప్పుడైనా వేసుకోగలరు, వేసిన రంగు కింద ఉన్న నలభై ఏళ్లను మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు. అందుకే ఆ నిర్ణయాన్ని కొనేవారికి వదిలేయడంలోనే అమ్మేవారికి లాభం.

రసాయనంమాస్టారు (జగిత్యాల):

ఉన్నదున్నట్టే అంటే బ్యాటరీని కూడా అలాగే వదిలేయమని ఎవరూ అర్థం చేసుకోవద్దు. ఆ కాలపు బ్యాటరీలు నికెల్ కాడ్మియం రకం. వాటి నుంచి కారేది పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే గాఢమైన క్షారం. అల్యూమినియాన్ని అది తినేస్తుంది, తెల్లటి పొడిగా కనిపించేదాన్ని అక్కడే ఉంచితే లోహం ఇంకా గుంటలు పడుతుంది. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని బ్యాటరీని తీయండి. తెల్ల వెనిగర్‌లో ముంచిన దూదిపుల్లతో ఆ పొడిని కొద్దికొద్దిగా తుడిచి, వెంటనే తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. కాడ్మియం విషపదార్థం, కాబట్టి బ్యాటరీని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించండి. జరుగుతున్న నష్టాన్ని ఆపడం వేరు, రూపు మార్చడం వేరు. మొదటిది చేయకపోతే పాతచక్రం గారు కాపాడమంటున్న లోహమే మిగలదు.

డీజిల్‌షెడ్ (కాజీపేట):

మాస్టారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. కానీ పాతచక్రం గారి వాదనలో ఒక చోట నాకు అభ్యంతరం ఉంది. తెరవని కిట్ అయితే, లేదా కంపెనీలోనే రంగు వేసి వచ్చిన వస్తువు అయితే ఆ మాట నూటికి నూరు పాళ్లు నిజం. ఇక్కడ రంగు వేసింది వారి మామయ్య, అదీ బ్రష్షుతో. ఈ కిట్లు రంగు లేకుండానే వస్తాయి. అలాంటప్పుడు అది కంపెనీ రంగు కాదు, ఒక అభిమాని వేసుకున్న రంగు. దాని కింద కాపాడవలసిన చరిత్ర ఏముంది? ఇక టైర్లు పూర్తిగా పాడయ్యాయి, కదిలితే చక్రం నుంచి ముక్కలు రాలతాయి. ఆ టైర్లతో కారు ఫోటో పెడితే చూసేవారు మిగతాదంతా కూడా అలాగే ఉందనుకుంటారు. నేను ముప్పై ఏళ్లు యంత్రాల మధ్య పనిచేసినవాణ్ణి. వాడిన యంత్రం గౌరవం దాన్ని నిలబెట్టి ఉంచడంలో ఉందని నా గట్టి నమ్మకం.

పాతచక్రం (కరీంనగర్):

టైర్ల విషయంలో మీ మాట తీసుకుంటాను. కొత్త టైర్లు బిగించి, పాతవాటిని సంచిలో వేసి కారుతోపాటే ఇస్తే ఏదీ పోదు, కొన్నవారికి ఏది కావాలంటే అది పెట్టుకుంటారు. స్క్రూలు విప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త. అవి జపాన్ ప్రమాణానికి చేసిన ప్లస్ స్క్రూలు, మన బజారులో దొరికే మామూలు స్క్రూడ్రైవర్ వాటిలో సరిగా కూర్చోక జారి తలను చెరిపేస్తుంది. చెరిగిన స్క్రూ తలలను చూడగానే తెలిసినవారు ధర తగ్గిస్తారు.

రంగు విషయంలో మాత్రం ఏకీభవించలేను. కిట్ అంటేనే కొన్నవాడు తన చేత్తో పూర్తి చేసే వస్తువు, కాబట్టి బ్రష్షు గీతలు ఆ కాలానికి చెందినవే. మీరన్నట్టు కంపెనీ రంగుకు ఉన్నంత విలువ దానికి ఉండదు. కానీ రంగు మార్చడానికి ఖర్చయ్యే తొమ్మిది వేలు తిరిగి వస్తాయన్న హామీ ఎక్కడా లేదు. రెట్టింపు అవుతుందన్న మెకానిక్ గారు, ఆ రెట్టింపు ధరకు తానే కొంటారా అని అడిగి చూడండి.

ధర తేల్చే పద్ధతి కూడా చెప్పాలి. ఈబే లాంటి చోట్ల అడుగుతున్న ధరలను చూడకండి, ఎవరు ఎంతైనా అడగవచ్చు. అమ్ముడైనవాటిని మాత్రమే చూపే వడపోత (ఫిల్టర్) ఒకటి ఉంటుంది, దానిలో సుమారు మూడు నెలల లెక్క కనిపిస్తుంది. అందులో మీ కారులాంటివే, అంటే బిగించినవి, కొంత తిరిగినవి, పెట్టెతో ఉన్నవి మాత్రమే ఏరుకోండి. తెరవని కిట్ పలికిన ధరను చూసి ఆశపడితే ఏళ్లు గడిచినా అమ్మలేరు. వచ్చిన వాటిలో అన్నిటికంటే ఎక్కువదీ తక్కువదీ పక్కనపెట్టి, మధ్యలో ఉన్నవాటిని తీసుకోండి.

పార్సిల్ (నిజామాబాద్):

విదేశీ ధర చూసి ఉప్పొంగే ముందు ఒక లెక్క. కొరియర్ కంపెనీలు అసలు బరువు కాకుండా, పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చించి 5000తో భాగించి వచ్చే బరువును, రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్ని లెక్కిస్తాయి. పాత పెట్టె నలగకూడదంటే దాన్ని ఇంకో పెద్ద పెట్టెలో పెట్టాలి. బయటి పెట్టె 55, 40, 30 సెంటీమీటర్లు అనుకుంటే 13.2 కిలోలకు డబ్బు కట్టాలి, లోపలి కారు తూకానికి మూడు కిలోలు రాకపోయినా సరే. దాని మీద అమ్మకపు కమిషను, కొన్నవారు తమ దేశంలో కట్టే సుంకం ఉంటాయి. చెప్పినట్టు లేదని వారు వెనక్కి పంపితే పోను రాను ఖర్చు మీ మీదే పడవచ్చు. ఇవన్నీ తీసేసి చేతికి ఎంత వస్తుందో చూసి, దాన్ని హైదరాబాద్ ధరతో పోల్చండి.

సజ్జమీదిపెట్టె (హనుమకొండ):

అందరికీ కృతజ్ఞతలు. పది రోజులు ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించగలరు. మాస్టారు చెప్పినట్టు వెనిగర్‌తో తుడిచాను, బ్యాటరీ పెట్టే చోట రెండు దగ్గర్ల లోహం గుంటలు పడినా మిగతాది బాగానే ఉంది. పెట్టె మీద 58016 అని ఉంది.

తుడుస్తుంటే ఒకటి కనిపించింది. వెనుక ఎడమ వైపు సస్పెన్షన్ చేయి ఎప్పుడో విరిగితే, మామయ్య దానికి ఇత్తడి పట్టీ ఒకటి కోసి, రెండు బోల్టులతో బిగించారు. పట్టీ అంచులను చేతికి గీసుకోకుండా ఆకురాయితో ఎంత నున్నగా చేశారంటే, నేను వేలితో తడిమితే గాని అది అతుకు అని తెలియలేదు. అత్తమ్మను అడిగితే, భద్రకాళి చెరువు దగ్గర నడుపుతుంటే మెట్టుకు కొట్టుకుందని, ఆ రాత్రి ఆయన అన్నం కూడా సరిగా తినకుండా కూర్చుని బాగుచేశారని చెప్పారు. మెకానిక్ గారు ఆ భాగాన్ని మార్చేద్దామన్నారు. డీజిల్‌షెడ్ గారూ, మీరన్న నిలబెట్టి ఉంచడం మామయ్య అప్పుడే చేశారని నాకనిపించింది, అందుకే దాన్ని మార్చడం లేదు. టైర్లు మాత్రం కొత్తవి తెప్పిస్తున్నాను.

ఖర్చులన్నీ తీసి లెక్క వేస్తే విదేశంలో అమ్మినా చేతికి వచ్చేది నేను అనుకున్నంత ఎక్కువ కాదు. హైదరాబాద్ ఆయనకు నంబరు ఫోటో, ఇత్తడి పట్టీ ఫోటో, బీట ఫోటో మూడూ పంపాను. పట్టీ సంగతి నేనే ముందుగా చెప్పినందుకు సంతోషించి, యాభై రెండు వేల దాకా వచ్చారు, వచ్చే ఆదివారం స్వయంగా చూడడానికి హనుమకొండ వస్తున్నారు. మెకానిక్ గారికి తొమ్మిది వేలు ఇవ్వలేదు.

ఒక్క సందేహం మిగిలింది. కారు ఇచ్చేయమన్న అత్తమ్మ, ఆ రిమోట్‌ను మాత్రం తన దగ్గర ఉంచుకుంటానంటున్నారు. మామయ్య చేతివేళ్లు పెట్టిన చోట దాని మీది అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి. రిమోట్ లేకపోతే అసంపూర్ణమైన వస్తువు అమ్మినట్టవుతుందా? ధర తగ్గించాలా?

పాతచక్రం (కరీంనగర్):

తగ్గించనవసరం లేదు. ఈ కిట్‌తో రేడియో ఇవ్వరు, ఎవరికి వారు విడిగా కొనుక్కోవలసిందే. కాబట్టి పెట్టె, పుస్తకం, కారు ఉంటే మీ కిట్ సంపూర్ణమే. ఆ కాలపు రేడియో ఉంటే కొందరు కాస్త ఎక్కువ ఇస్తారు, అంతే. రిమోట్ రావడం లేదని ఆదివారం ఆయన బయలుదేరక ముందే ఫోనులో చెప్పండి, దాన్ని అత్తమ్మ దగ్గరే ఉంచండి. అందులో బ్యాటరీలు ఏమైనా మిగిలి ఉంటే మాత్రం ఈరోజే తీసేయండి.