భద్రాయితమా, భద్రాయతమా?

పాతపద్యం: కంబోడియాలో రొలువోస్ శిథిలాల గురించి చదువుతున్నా. ఖ్మేరు రాజుల పాత రాజధాని హరిహరాలయం అక్కడే. ఆ పేరు చూసినప్పటి నుంచి హరిహరరూపాన్ని కొలిచే తిక్కన విరాటపర్వం మొదటి పద్యం నోట్లో ఆడుతోంది. "శ్రీయన గౌరి నాఁ బరగు చెల్వకుఁ జిత్తము పల్లవింప..." తర్వాత భద్రాయితమూర్తియా, భద్రాయతమూర్తియా?

యతిమైత్రి: భద్రాయితమే. నాలుగో పాదంలో "ధ్యాయిత" చూడండి, జోడీ కుదిరింది.

గురులఘువు: ప్రాసకు యకారం చాలండీ, యకారానికి గుడి (ఇకారపు గుర్తు) ఉన్నా లేకున్నా ఒకటే. గణాలూ రెంటికీ సరిపోతాయి. పైగా ధ్యాయిత అంటే ధ్యాయి అయి ఉండడం, భద్రాయిత అంటే భద్రమైనది అని, క్తాంతం (సంస్కృతంలో 'అయిన' అనే అర్థమిచ్చే రూపం). ఆ పోలిక పైపైదే. ఇద్దరు దేవుళ్లు పట్టాలంటే మూర్తి ఆయతమే (విశాలమే) కావాలని నా పట్టు.

రాతిరాత: హరిహరాలయంలో ఆలయం అంటే గుడి కాదు, ఉండే చోటు, హిమాలయంలో లాగే. 802లో మహేంద్రపర్వతం మీద అభిషిక్తుడైన రెండో జయవర్మ చివరికి ఈ ఊళ్లోనే కన్నుమూశాడు. తర్వాత రాజైన ఇంద్రవర్మ ఇక్కడ దాదాపు 3.8 కిలోమీటర్ల పొడవున ఇంద్రతటాకం అనే చెరువు తవ్వించాడు, 881లో బాకోంగ్ గుడిలో లింగప్రతిష్ఠ చేశాడు. కొడుకు యశోవర్మ 893లో చెరువు నడుమ లోలెయి గుడి నిలిపాడు. రాజధానిని మాత్రం అంగ్‌కోర్ వైపు, యశోధరపురానికి తరలించాడు. ఇప్పుడా చెరువులో నీళ్లు లేవు.

పెన్నాతీరం: సముద్రం మీద రాకపోకలుండేవి కదా, ఆ ఊరి పేరు తిక్కన చెవిన పడి ఉండదా?

రాతిరాత: అంత దూరమెందుకండీ? కన్నడసీమలో హరిహర గుడి 1224 నాటిది, తిక్కన కాలమే. బాదామి గుహలో హరిహరమూర్తి ఇంకా ముందే ఉంది.

పెన్నాతీరం: సరే, కానీ పారిస్ గిమే మ్యూజియంలోని ఖ్మేరు హరిహరుణ్ణి చూడండి. తలమీద ఒక సగం జడలు, ఒక సగం కిరీటం. చూస్తే తిక్కన శ్లోకమే గుర్తొస్తుంది: "కిమస్థిమాలాం కిము కౌస్తుభం వా". ఎముకల దండ ఇష్టమా, కౌస్తుభమా అని దేవుణ్ణే నిలదీసిన కవి ఇంకెవరున్నారు! అందులో "కాలకూటః" దగ్గర ఎప్పుడూ ఆగిపోతాను. యశోద చనుబాల పక్కన విషాన్ని పెట్టి ఏది రుచి అని అడగడం!

గురులఘువు: శిల్పి నడినెత్తిన గీత గీశాడు. తిక్కన గీయలేదు. శ్రీ అన్నా గౌరి అన్నా చెల్వ (అందగత్తె) ఒక్కతే. అందుకే ఆయతం అంటున్నా.

యతిమైత్రి: అందుకేనండీ భద్రాయితం! గీత చెరిగి, మూర్తి మొత్తం భద్రమైపోయింది.