రీబిల్డ్ చేసిన బోటు ఇంజన్‌కి పాత ట్యాపెట్ కవర్లే బిగించొచ్చా?

హార్బర్_తమ్ముడు
అన్నలందరికీ నమస్తే. మా బోటు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఉంది. లారీ రకం ఇంజన్, ఆరు సిలిండర్లు, రెండు హెడ్లు, వాటి వాల్వుల మీద మూతల్లా రెండు ట్యాపెట్ కవర్లు. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవగానే ఇంజన్ దించేశాం. లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ కొత్తవే. క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్ కూడా అయిపోయాయి. ఇక మిగిలింది కవర్లు. పాత అల్యూమినియం పోతవి. ఉప్పు తిని బోల్టు రంధ్రాల చుట్టూ గుంటలు పడ్డాయి, గోటితో గీరితే తెల్లపొడి రాలుతోంది. వెనక కవర్ని దళసరి అద్దం మీద బోర్లించి చూస్తే మధ్యలో 0.5 మి.మీ. ఫిల్లర్ గేజ్ (సందు కొలిచే రేకు) నేరుగా దూరిపోతోంది. మెకానిక్ ఏమో కవరుకీ హెడ్డుకీ మధ్య మందం ప్యాకింగ్ వేసి షెల్లాక్ జిగురు పూస్తే సరిపోతుందంటున్నాడు. నాన్నదీ అదే మాట. నాకు మనసొప్పట్లేదు. జూన్ 14 అర్ధరాత్రి దాటితే బోటు కదలాలి. ఏం చేయమంటారు?

ఆటోనగర్_లేత్
0.5 అంటే చాలా ఎక్కువ. ఫేస్ కొట్టిస్తే, అంటే అంచు సాపుగా చెక్కిస్తే, సరి అవుతుంది, కాకపోతే అంచు మందం ఎంత మిగులుతుందో ముందు కొలవండి. గుంటలు ఆర్గాన్ వెల్డింగ్‌తో నింపొచ్చు. ఏళ్ల తరబడి ఆయిల్ పీల్చిన పోత కాబట్టి వేడి చేసి ఆయిల్ బయటికి కక్కించి, బాగా కడిగాకే వెల్డింగ్ పెట్టాలి. లేకపోతే సూది బెజ్జాలు మిగిలి అక్కడ నుంచే చెమరుస్తుంది.

సోనాబోటు_ఓనరు
తమ్ముడూ, అనవసరంగా భయపడుతున్నావు. ట్యాపెట్ కవరు అంటే మూత. దాని మీద కంప్రెషన్ లేదు, లోడు లేదు. లోపలి ఆయిల్ బయటికి చిందకుండా, బయటి నీళ్లు లోపల పడకుండా ఉంటే చాలు. నీ మెకానిక్ చెప్పింది అనుభవం ఉన్నవాడి మాట. కార్క్ ప్యాకింగ్‌కి రెండు వైపులా షెల్లాక్ పూసి బిగించు, సీజన్ అంతా చూసుకోనక్కర్లేదు. కొత్త కవర్ల సంగతి నన్నడుగు. కిందటేడాది ఒక షాపులో "అచ్చం ఇదేనండీ" అంటే నమ్మి కొన్నాను. బిగించి స్టార్ట్ చేస్తే టకటక శబ్దం. విప్పి చూస్తే రాకర్ (వాల్వుని నొక్కే చెయ్యి) నట్టు కవరు లోపలివైపు గీసుకుపోయి మెరుస్తోంది. వెనక్కి తీసుకోమంటే ప్యాకింగ్ విప్పిన సరుకు తీసుకోం అన్నారు. ఆ డబ్బు ఈరోజు వరకూ రాలేదు. పాతది కనీసం ఆ ఇంజన్ మీద పుట్టిన కవరు.

ఇంజన్‌రూమ్_డ్రైవరు
ఓనరుగారూ, రెండు వైపులా షెల్లాక్ పూస్తే ట్యాపెట్ సెట్టింగ్‌కి, అంటే వాల్వుల సందు సరిచేయడానికి, కవరు తీసిన ప్రతిసారీ ప్యాకింగ్ చిరుగుతాది. కొత్తగా కట్టిన ఇంజన్‌కి కొన్ని గంటలు నడిచాక ట్యాపెట్లు మళ్లీ చూడాలి కదా. అప్పుడు నడిసంద్రంలో ప్యాకింగ్ ఎక్కడ దొరుకుతాది? కవరు వైపు మాత్రమే అతికించి, హెడ్డు వైపు కాస్త గ్రీజు రాసి వదిలేయాలి.

సోనాబోటు_ఓనరు
కవరు వైపు మాత్రమే పూస్తే హెడ్డు వైపు నుంచి కారుతుంది. నేను చూశాను.

ఇంజన్‌రూమ్_డ్రైవరు
వంకర కవరు అయితే కారుతాది. సాపు కవరు అయితే కారదు. అడిగింది వంకర గురించే కదండీ.

భీమిలి_వల
రబ్బరు ప్యాకింగ్ వేసుకోండి, గొడవ ఉండదు.

ఓడ_ఇంజనీరు
రబ్బరైనా కార్క్ అయినా కింద అంచు సాపుగా ఉండాల్సిందే. వంకర ఉన్నచోట మందం ప్యాకింగ్ వేస్తే ఏం జరుగుతుందో చెబుతాను. కారడం ఆపాలని బోల్టులు ఇంకా బిగిస్తారు. బోల్టు పక్కన కార్క్ నలిగి బయటికి ఉబ్బుతుంది, రెండు బోల్టుల నడుమ మాత్రం వదులుగానే ఉంటుంది. ఒకటి రెండు సార్లు అలా బిగిస్తే అంచు ఇంకా వంగుతుంది, గుంటపడిన రంధ్రం దగ్గర పగిలినా పగులుతుంది.

తమ్ముడూ, కవరు కొనే ముందు ఇంకో పని చెయ్యి. ఇంజన్ లోపలి పొగ బయటికి పోయే బ్రీదర్ పైపు విప్పి శుభ్రంగా ఉందో లేదో చూడు. అది మూసుకుపోతే క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగి ఎంత మంచి కవరు నుంచైనా ఆయిల్ తన్నుకొస్తుంది. కొత్త రింగులు సర్దుకునే వరకు పొగ కొంచెం ఎక్కువే వస్తుంది కాబట్టి ఇప్పుడు బ్రీదర్ ఇంకా ముఖ్యం. రెండోది, ఎవరైనా స్టెయిన్‌లెస్ బోల్టులు వేయమంటే ఆలోచించు. ఉప్పుగాలిలో స్టెయిన్‌లెస్, అల్యూమినియం పక్కపక్కనే ఉంటే తినేది అల్యూమినియాన్నే. నీ కవర్ల రంధ్రాల చుట్టూ తెల్లపొడికి అదీ ఒక కారణం కావచ్చు. వేయక తప్పకపోతే వాషర్ పెట్టి మరలకి గ్రీజు రాయి. లోపలివైపు పెయింట్ మాత్రం వేయనివ్వొద్దు. వేడి ఆయిల్‌కి పొరలు లేచి సంపులో (అడుగున ఆయిల్ తొట్టిలో) పడి, పంపు జాలీని మూసేస్తుంది.

హార్బర్_తమ్ముడు
ఇప్పుడే చూశానన్నా. బోల్టులు స్టెయిన్‌లెస్సే, వాషర్లు కూడా లేవు.

సోనాబోటు_ఓనరు
ఇంజనీరుగారూ, మీరు ఓడల మీద పనిచేసేవారు. అక్కడ కంపెనీ డబ్బు, ఇక్కడ ఇంటి డబ్బు. ఇంజన్ పనికే లక్షలు అయిపోయాయని ఆ అబ్బాయి చెబుతున్నాడు. ఇంకా వలలు, తాళ్లు, పెయింటు, లైసెన్సు ఉన్నాయి. నాలుగు చుక్కలు కారితే కింద డబ్బా పెట్టుకుంటాం. పెద్ద విషయం కాదు.

ఇంజన్‌రూమ్_డ్రైవరు
నాలుగు చుక్కలు ఎక్కడ పడతాయో మీరు చూశారా? మా బోటు మీద వెనక కవరు మూల నుంచి సన్నగా దిగి, హెడ్డు అంచు పట్టుకుని, సరిగ్గా పొగ బయటికి పోయే సైలెన్సర్ మానిఫోల్డ్ మీద పడేది. ఆస్బెస్టాస్ తాడు చుట్టి ఉంది కదా అని ఓనరు అనేవాడు. ఆ తాడు ఆయిల్ పీల్చి నల్లగా నానిపోయింది. ఒకరోజు వల లాగుతుండగా ఇంజన్ గదిలోంచి తెల్లపొగ కమ్మింది. దిగి చూస్తే తాడు మీద చిన్నమంట. గోనెసంచి తడిపి కప్పాను, ఇదిగో కుడి చేతి మీద ఇప్పటికీ మచ్చ ఉంది. మీకది డబ్బా పెట్టుకునే విషయం. నాకు కాదు.

ఓడ_ఇంజనీరు
ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఓడల మీద, ఆయిల్ పైపు తెగితే చిమ్మే చోట 220 డిగ్రీలు దాటే ఉపరితలాన్ని కప్పి తీరాలని అంతర్జాతీయ నియమం ఉంది. లోడు మీద మానిఫోల్డు దాన్ని సులువుగా దాటుతుంది. ఆయిల్ నానిన తాడు రక్షణ కాదు, ఒత్తి.

సోనాబోటు_ఓనరు
ఊరికే మంట మంట అని జనాన్ని బెదరగొట్టకండి.

ఇంజన్‌రూమ్_డ్రైవరు
2023 నవంబర్ 19 రాత్రి మన హార్బర్‌లో నేను ఉన్నానండీ. దాదాపు నలభై బోట్లు. ఒకదాని పక్కన ఒకటి కట్టి ఉంటే, డీజిలు, గ్యాస్ సిలిండర్లు ఉంటే, మంట ఎంత తొందరగా పాకుతాదో కళ్లారా చూశాం.

సోనాబోటు_ఓనరు
ఆ మంటకీ ట్యాపెట్ కవరుకీ ఏంటి సంబంధం? నా బంధువుల బోటు కూడా పోయింది ఆ రాత్రి. దాన్ని ఇక్కడికి లాగొద్దు. ప్రతి దానికీ ఓనర్లే విలన్లు అన్నట్టు మాట్లాడుతున్నారు. నిషేధంలో మీకు ప్రభుత్వం 20,000 ఇస్తోంది. నా బ్యాంకు వాయిదా ఈ రెండు నెలలూ ఆగుతుందా?

ఇంజన్‌రూమ్_డ్రైవరు
61 రోజులు పిల్లలకి తిండి పెట్టడానికి ఇచ్చిన డబ్బు అది. దాని మీద ఎందుకండీ ఏడుపు? సరే, అసలు మాట నేనే చెప్తాను. ట్రిప్పు నుంచి వచ్చాక డీజిలు, ఐసు, సరుకులు, ఆయిలు తీసేసి మిగిలింది కదా వాటాలు వేసేది. కవరు కారితే ట్రిప్పుకి ఇంకో ఆయిల్ డబ్బా పోస్తాం. ఆ డబ్బా ట్రిప్పు ఖర్చులో రాస్తారు, అంటే కళాసీల వాటాలోంచి కూడా పోతుంది. కొత్త కవరు కొంటే మాత్రం ఓనరు ఖాతా. కారే కవరు ఎందుకు మారదో ఇప్పుడైనా అర్థమైందా?

భీమిలి_వల
మా బోటులో కూడా ఇదే లెక్క.

ఆటోనగర్_లేత్
నా దగ్గరకొచ్చే సగం కవర్లు సీజన్ మధ్యలో వస్తాయి, నిషేధంలో కాదు. ఎందుకో నాకు ఇన్నాళ్లూ తెలియలేదు.

సోనాబోటు_ఓనరు
ఆ లెక్క నేను పెట్టింది కాదు, మా నాన్నల నాటి నుంచి వస్తోంది. వేట పడని ట్రిప్పుల్లో నష్టం ఎవరు మోస్తున్నారు? మీరు మోస్తారా? ఇంజన్ పేలితే లక్షలు నావి, పాడైన ఇంజన్‌తో తీరానికి తాడు కట్టి లాగించుకుంటే ఆ ఖర్చూ నాదే. ఒక డబ్బా ఆయిల్ దగ్గర నన్ను దొంగని చేశావు.

ఇంజన్‌రూమ్_డ్రైవరు
దొంగ అనలేదు. ఇంజన్ గదిలో ఉండేవాడి మాట కూడా వినండి అన్నాను. డబ్బు మీదే, ఒప్పుకుంటాను. కాలేది మాత్రం మీ చెయ్యి కాదు.

ఓడ_ఇంజనీరు
ఇద్దరూ కాస్త ఆగండి. లెక్క మార్చడం ఈ చర్చలో తేలేది కాదు. లక్షలు పోసి ఏనుగుని కొన్నాక అంకుశం దగ్గర బేరమాడటం మాత్రం నాకు నచ్చలేదు. తమ్ముడూ, ముందున్న కవరుని ఫేస్ కొట్టించి వాడుకోవచ్చేమో లేత్ ఆయన్ని అడుగు. వెనకది మార్చెయ్యి. షాపులో కొనేముందు పాతది తీసుకెళ్లి లోపలి లోతు, రంధ్రాల దూరం కొలిచి చూసుకో. బిగించే ముందు రాకర్ల మీద చిన్న మైనపు ముద్దలు పెట్టి, ప్యాకింగ్‌తో సహా కవరు వేసి, ఇంజన్‌ని చేత్తో తిప్పి తీసి చూడు. మైనం ఎంత మిగిలిందో అంతే ఖాళీ. ఓనరుగారికి జరిగిన టకటక నీకు జరగదు.

హార్బర్_తమ్ముడు
అన్నలందరికీ థాంక్స్. నాన్నకి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. డ్రైవరన్న చేతి మాట దగ్గర ఆయన ఏమీ అనలేదు. వెనక కవరు కొనడానికి ఒప్పుకున్నారు. ఆయిల్ డబ్బా ట్రిప్పు ఖర్చులోనే ఉంటుందట, దాని గురించి ఇప్పుడు మాట్లాడొద్దన్నారు. రేపు పొద్దున్నే ముందు కవరు పట్టుకుని ఆటోనగర్ వస్తున్నా. లేత్ అన్నా, ఎన్నింటికి తీస్తారు?

సోనాబోటు_ఓనరు
కొను, నీ ఇష్టం. షెల్లాక్ మాత్రం రెండు వైపులా పూయించుకో.

ఇంజన్‌రూమ్_డ్రైవరు
ఒక వైపే.

ఆటోనగర్_లేత్
తొమ్మిదికి తీస్తాం. బోల్టులన్నీ ఒక డబ్బాలో వేసుకుని రా, మరలు కూడా చూద్దాం.