నల్లమద్ది గుంజకు గేటు బందులు: ముందు బెజ్జం వేయాలా, నేరుగా దింపాలా?

కొత్తచేయి: 4 అంగుళాల నల్లమద్ది గుంజ, బాగా ఎండింది. టి (T) ఆకారపు ఇనుప బందులు బిగించాలి. స్క్రూలు 10వ నంబరు, 50 మి.మీ. సగం దిగి ఆగిపోతున్నాయి. రెండింటికి తల గాడి అరిగిపోయింది.

బరమా: చేవ కర్రలో బెజ్జం లేకుండా దిగవు. 10వ నంబరు స్క్రూ ఒళ్లు 4.8 మి.మీ., మర గాట్ల అడుగున దాదాపు మూడున్నర. కాబట్టి 3.5 బిట్టు. 50 మి.మీ. దగ్గర బిట్టుకు టేపు చుట్టండి, అదే లోతు గుర్తు. డ్రిల్లు నెమ్మది గేరులో పెట్టి, కొంచెం దిగగానే బయటికి లాగి పొట్టు దులపండి. లేకపోతే పొట్టు ఇరుక్కుని బిట్టు కాలిపోతుంది.

ఉలిపిడి: బెజ్జం వేస్తే పట్టేముంటుంది? ముప్పావు వంతు సుత్తితో దింపి, చివర నాలుగు తిప్పులు తిప్పితే చాలు. ఊళ్లో గుమ్మాలన్నీ అలాగే నిలబడ్డాయి.

రంపంపొట్టు: సబ్బు రాస్తే సులువుగా దిగుతుంది.

బరమా: సబ్బు వద్దు, తేమ లాగి స్క్రూ తుప్పు పడుతుంది. కొవ్వొత్తి మైనం రుద్దండి.

ఉలిపిడి గారూ, పట్టు ఇచ్చేది మర అంచు. మూడున్నర బెజ్జంలో ఆ అంచు చుట్టూ కర్రను కోసుకుంటూ దిగుతుంది, పీచు ఎక్కడికక్కడ మర మధ్య బిగుసుకుంటుంది. సుత్తితో కొడితే ఆ పీచు చిరిగి కిందికి వంగిపోతుంది. చివరి నాలుగు తిప్పులకు పట్టుకోవడానికి మిగిలేది ఆ చిరిగిన పీచే.

ఉలిపిడి: సబ్బుతో తుప్పు పట్టిన స్క్రూ నాకెక్కడా కనపడలేదు. ముందు అది చూపించండి.

కొత్తచేయి: 3.5 బెజ్జంలో ఒకటి దింపాను. చివరి పావు అంగుళంలో తల ఊడిపోయింది!

బరమా: తల కింద మర లేని మెడ ఉందా? ఆ మెడ 4.8 లావు, మూడున్నర బెజ్జంలో ఇరుక్కుంటుంది. మీరింకా తిప్పితే మెడ, మర కలిసే చోట తెగుతుంది. మెడ పొడవు మేరకు పైన 5 మి.మీ. బిట్టుతో వెడల్పు చేయండి. జిప్సం బోర్డులకు వాడే నల్లటి స్క్రూలైతే అసలు వాడకండి, అవి పెళుసు, వంగకుండా విరుగుతాయి. ఇత్తడివైతే ముందు అదే సైజు ఉక్కు స్క్రూ ఒకటి దింపి, తీసేసి, ఆ దారిలో ఇత్తడిది బిగించాలి.

గట్టుమీద: గుంజ కొసకు మరీ దగ్గరగా వేస్తే బెజ్జం వేసినా చీలుతుంది. కింద, పైన అంగుళంన్నర వదలండి.

ఉలిపిడి: రెండు బిట్లు, టేపు, మైనం! ఒక్కో బందుకు ఆరు స్క్రూలు. గేటుకు ఇంత అని గుత్తకు మాట్లాడి, బిల్లు దగ్గర నూరు కోసేవాళ్లు బెజ్జాలకు కూలి ఇస్తారా?

బరమా: అలా చెప్పండి. మీ వాదన పట్టు గురించి కాదు, కూలి గురించి. కూలి ఇవ్వకపోవడం అన్యాయమే. దానికి ఆ గుంజను పాడు చేస్తారా? వానాకాలంలో చెక్క గేటు ఉబ్బుతుంది, విప్పి చిత్రిక పట్టాలి. కొట్టి దింపిన స్క్రూ గాడి చెడిపోయి తిరగదు, ఊడబెరికితే కర్ర పెచ్చులతో వస్తుంది.

ఉలిపిడి: విప్పకూడదనే కొడతాం! వీధి గేటది. మీరు తేలిగ్గా విప్పేదాన్ని దొంగ విప్పలేడా? గేటు పోతే జవాబు చెప్పేది మేం.

గట్టుమీద: ఆ భయం నిజమే, స్క్రూ తల వీధివైపు ఉంటే ఎవరైనా విప్పుతారు. పైబందుకు ఒకటి, కిందిబందుకు ఒకటి స్క్రూ మానేసి, గుండ్రటి తల బోల్టు గుంజలోంచి ఆరపార వేయండి. 8 మి.మీ. లావు, 125 పొడవు. బందు చిల్లు చాలకపోతే దాన్నీ 8కి పెద్దది చేయండి. గుంజకు రెండు వైపుల నుంచీ సగం సగం తొలవండి, ఒకే వైపు నుంచి పోతే బిట్టు బయటికొచ్చే చోట పెచ్చు లేస్తుంది. నట్టు, వాషరు ఇంటివైపు. మిగతావి స్క్రూలే ఉంచండి.

ఉలిపిడి: బోల్టుకు ఒప్పుకుంటాను. ఆ రెండు బెజ్జాల కూలి మాత్రం ముందే మాట్లాడుకోమనండి.

కొత్తచేయి: తల ఊడి లోపలే ఉండిపోయిన స్క్రూ సంగతి?

బరమా: కొస పైకి కనపడితే ప్లయర్‌తో పట్టి తిప్పండి. కనపడకపోతే వదిలేసి, బందును అంగుళం పైకి జరపండి.