కత్తి ఒర కుట్టాను, అంచు దారాన్ని కోసేస్తోంది, వెనక కుట్టు వంకరగా వస్తోంది, సలహా చెప్పండి

ప్రశ్న (రాజమండ్రి నుంచి):
అందరికీ నమస్తే. మా నాన్న తోటకి తీసుకెళ్ళే కత్తికి తోలు ఒర కుడుతున్నా. కత్తి మా ఊరి కమ్మరి లారీ కమాన్ పట్టీతో చేసిచ్చింది, అలుగు ఐదంగుళాలు, పదును బాగా ఉంటుంది. తోలు ముక్కని మధ్యకి మడిచి ఒక పక్క కుట్టేశా, చూడ్డానికి పర్లేదు కానీ కత్తి పెట్టి తీస్తుంటే లోపల దారం తెగిపోతోంది. ముందు వైపు కుట్టు నీట్‌గానే ఉంది, వెనక మాత్రం పాములా తిరుగుతోంది. తోలేమో మెత్తగా ఉంది, కత్తి లోపల ఆడుతోంది. పైగా వారం ఒరలో ఉంచితే అలుగు మీద తుప్పు చుక్కలు. నాన్న నడుముకి కట్టుకునేది కదా, భయంగా ఉంది, ఎక్కడ సరిచేయాలి?

జవాబు (వరంగల్ నుంచి):
తమ్ముడూ, ముందు ఆ ఒర నాన్నగారికి ఇవ్వకు, దారం తెగుతోందంటే రేపు అంచు బయటికొచ్చి తొడకి తగుల్తుంది. నీ ఒరలో లోపలి పట్టీ లేదు, అసలు సమస్య అదే. పదును ఉన్న వైపు రెండు పొరల మధ్య అదే తోలుతో ఓ 10 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ పెట్టి మూడూ కలిపి కుట్టాలి, దీన్నే వెల్ట్ అంటారు. కుట్టుని తోలు బయటి అంచు నుంచి 4 మిల్లీమీటర్ల లోపలికి వేస్తే కత్తికీ దారానికీ మధ్య ఇంకా 6 మిల్లీమీటర్ల తోలు ఉంటుంది, అంచు ఆ తోలుకే తగుల్తుంది గానీ దారం దాకా రాదు. మొన దగ్గర కూడా పట్టీ పూర్తిగా చుట్టి రావాలి, చాలామంది అక్కడే వదిలేస్తారు. పట్టీకి చోటు కావాలి కాబట్టి ముందు అట్టముక్క మీద కత్తి పెట్టి గీసుకుని, మడిచి చూసుకుని, ఆ తర్వాతే తోలు కొయ్యి.

ఇంకో జవాబు (చెన్నైలో ఉంటాను):
పట్టీ మాట వంద శాతం కరెక్ట్. తోలు గురించి నేను చెప్తా. మెత్తగా ఉంది, తుప్పు వస్తోంది అంటే అది బ్యాగులకి వాడే క్రోమ్ లెదర్ (క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన తోలు) అయ్యుండొచ్చు. అందులో ఉండే లవణాలు ఇనుముకి మంచివి కావు, పైగా తడిపి ఒత్తినా ఆకారం నిలవదు. ఒరకి కావాల్సింది చెట్ల బెరడుతో శుద్ధి చేసిన వెజ్ టాన్ తోలు, 3 మిల్లీమీటర్ల మందం. మన వైపు పూర్వం తంగేడు చెక్క, కరక్కాయ, తుమ్మ చెక్కతో చేసేవాళ్ళు, అవును, తెలంగాణ రాష్ట్ర పువ్వు ఆ తంగేడే. ఇప్పుడు తమిళనాడులో ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట వైపు తోలు ఫ్యాక్టరీలున్నాయి, చెన్నైలో అయితే పెరియమేట్‌లో షాపుల్లో అడిగి చూడొచ్చు. కొనేముందు కోసిన అంచు చూడండి, లోపల నీలం బూడిద రంగు కనిపిస్తే క్రోమ్, మొత్తం ఒకటే గోధుమ రంగుంటే వెజ్ టాన్ అయ్యే అవకాశం ఎక్కువ. రంగు వెయ్యని వెజ్ టాన్ మీద నీటి బొట్టు వేస్తే చాలావరకు వెంటనే పీల్చుకుని నల్లబడుతుంది.

అడిగినవారు:
థాంక్యూ అండీ, లోపల నీలంగానే ఉంది 😐 మరి వెనక కుట్టు సంగతి?

జవాబు (వరంగల్ నుంచి):
చేతిలో ఆరె (తోలుకి రంధ్రం చేసే పనిముట్టు) కొంచెం వాలినా అవతల పక్క రంధ్రం తప్పుతుంది, అందుకే నీకు ముందు నీట్‌గా వెనక వంకరగా వస్తోంది. ఇక పట్టీతో మూడు పొరలు కలిస్తే 9 మిల్లీమీటర్లవుతుంది, అంత మందంలో రెండు మిల్లీమీటర్ల దాకా తప్పుతుంది. ముందు పొరలు అతికించు, ఫెవికాల్ ఎస్‌ఆర్ 998 లాంటి రబ్బరు జిగురు రెండు వైపులా పూసి, చేతికి అంటకుండా ఆరాక గట్టిగా ఒత్తాలి. నున్నటి వైపు అతికించేటప్పుడు ఉప్పుకాగితంతో గరుకు చెయ్యి, లేకపోతే ఊడిపోద్ది. రాత్రంతా వదిలేసి పొద్దున అంచు సమంగా రాకి గీత గీసి, 4 మిల్లీమీటర్లకో చుక్క పెట్టి, స్టాండ్ ఉన్న డ్రిల్లుతో 1.5 మిల్లీమీటర్ల బిట్ పెట్టి నిటారుగా రంధ్రాలు చెయ్యి. చేత్తో పట్టుకునే డ్రిల్లు వద్దు, మళ్ళీ అదే వంకర. కుట్టడానికి మైనం పట్టించిన పాలిస్టర్ దారం, రెండు చివర్లా రెండు సూదులు, ఒకే రంధ్రంలోంచి ఎదురెదురుగా, ప్రతిసారీ ఒకే సూది ముందు వెళ్ళాలి. ఇంత మందానికి దారం పొడవు కుట్టుకి కనీసం ఎనిమిది రెట్లు తీసుకో. ఇలా కుడితే మధ్యలో ఒక చోట తెగినా మిగతా కుట్టు జారదు, మిషన్ కుట్టు అలా కాదు.

ఇంకొకరు:
కొబ్బరినూనె రాస్తే తోలు బాగా మెరుస్తుంది బ్రో, తుప్పు కూడా రాదు.

జవాబు (చెన్నైలో ఉంటాను):
వద్దండీ ప్లీజ్. నూనె ఎక్కువైతే తోలు మెత్తబడి కత్తి మళ్ళీ ఆడుతుంది, గోదావరి జిల్లాల తేమలో బూజు కూడా పడుతుంది. కుట్టు అయ్యాక ఒరని మామూలు నీళ్ళలో బుడగలు ఆగేదాకా ముంచి, కత్తికి వంటింటి ప్లాస్టిక్ ర్యాప్ గట్టిగా చుట్టి లోపల పెట్టి, పిడి దగ్గర వేళ్ళతో బాగా ఒత్తండి, కత్తిని పట్టి ఉంచేది అక్కడే. కత్తి తీసేసి నీడలో రోజంతా ఆరనివ్వాలి, ఎండలో పెడితే బిగుసుకుని పగుళ్ళొస్తాయి. అంచులు 120, 220, 400 నంబర్ ఉప్పుకాగితాలతో వరసగా రుద్ది, కొంచెం తడిపి గట్టి గుడ్డతో వేడెక్కేలా రాస్తే పీచు అణిగిపోతుంది, పైన తేనెమైనం చాలు. ఇక తుప్పుకి మందు వాడకంలోనే ఉంది, పని అయ్యాక కత్తి తుడిచి, పల్చగా నూనె రాసి విడిగా పెట్టమనండి, ఏ తోలైనా తేమ పట్టే వస్తువే.

అడిగినవారు:
సరేనండి, కొత్త తోలుతో మొదట్నుంచి చేస్తా. బెల్ట్ లూప్ చివర్లో కుడితే సరిపోద్దా?

జవాబు (వరంగల్ నుంచి):
లేదు, అది మొదటే. పొరలు అతికించకముందే వెనక పొరకి లూప్ కుట్టేయ్, ఒర మూసేశాక లోపలికి సూదీ పోదు, చెయ్యీ పోదు. లూప్ కుట్టు లోపల వైపు ఉబ్బుగా ఉంటే సుత్తితో మెల్లగా కొట్టి అణచు, అలుగు రాసుకోకుండా.