నల్లరేగడిలో పోసిన బోరాన్ ఎక్కడికి పోతోంది?

ఎమ్మెస్సీ మట్టి:
పొద్దున్నుంచి ఇదే పని, ఇప్పుడు రాత్రి పదకొండు. ఇబ్రహీంపట్నం చెల్క మట్టి (ఎర్ర ఇసుక నేల), తాండూరు నల్లరేగడి తెచ్చి, రెండింటికీ ఒకే మోతాదు బోరాన్ ద్రావణం పోసి షేకర్‌లో పెట్టాను. చెల్కలోది చాలావరకు నీళ్లలోనే ఉంది. రేగడిలో సగానికి పైగా మాయం! మూడుసార్లు చేసినా అంతే. బంకమట్టి రేణువుకు ఉండేది ఋణావేశం, బోరిక్ ఆమ్లానికి ఏ ఆవేశమూ లేదు. మరి ఎలా పట్టుకుంటోంది? ఎల్లుండి గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

పాతకాపు:
పీహెచ్ ఎంత?

గాజు వద్దు:
ముందు ఏ సీసాల్లో చేశావో చెప్పమ్మా. బోరోసిలికేట్ గాజులోనే బోరాన్ ఉంటుంది, వేడినీళ్లు పోస్తే కొంత దిగుతుంది. నా రెండు నెలల రీడింగులు అలాగే పాడయ్యాయి. ప్లాస్టిక్ సీసాలే వాడు. బ్లాంక్, అంటే మట్టి వేయని ద్రావణం సీసా, పెట్టావా?

ఎమ్మెస్సీ మట్టి:
గాజువే సార్. కానీ గాజులోంచి దిగితే రీడింగ్ పెరగాలి కదా, నాకు తగ్గుతోంది. పీహెచ్ చెల్కది 6.4, రేగడిది 8.5. రేగడి అంటే అంతే ఉంటుందని రాయలేదు.

పాతకాపు:
అదే జవాబు.

రేగడి బిడ్డ:
అన్న ఒక్క ముక్కలో తేల్చేశారు, నేను విడమరుస్తాను చెల్లీ. ఋణావేశం ఉండేది రేణువు పలకల మీద. బోరాన్ పట్టుకునేది పలకల విరిగిన అంచుల్ని. అక్కడ అల్యూమినియం, ఇనుముకు అంటుకుని హైడ్రాక్సిల్ గుంపులుంటాయి. వాటిని తప్పించి బోరాన్ ఆ చోట్లో కూర్చుంటుంది. బోరిక్ ఆమ్లం కంటే దాని ఋణావేశ రూపమైన బోరేట్ అయాన్ గట్టిగా అంటుకుంటుంది. పీహెచ్ పెరిగేకొద్దీ బోరేట్ పెరుగుతుంది, 9.2 దగ్గర రెండూ సగం సగం. అందుకే 9 చుట్టుపక్కల శోషణం బాగా ఎక్కువ. ఇంకా పైకి పోతే హైడ్రాక్సిల్ అయాన్లే ఆ చోట్ల కోసం పోటీకొస్తాయి, బోరాన్ పట్టు తగ్గుతుంది. బంకమట్టిలోని ఖనిజం రకం కూడా చూడాలి. ఇల్లైట్ బాగా పడుతుంది, తర్వాత మాంట్‌మోరిల్లనైట్, కేవోలినైట్ తక్కువ. మన రేగడిలో మాంట్‌మోరిల్లనైట్ ఎక్కువ, పైగా పీహెచ్ పెంచే సున్నం.

తెలుగు మాస్టారు:
శోషణం కాదు, అధిశోషణం. స్పాంజి నీళ్లు పీల్చితే శోషణం. ఉపరితలం మీద అంటుకుంటే అధిశోషణం.

రేగడి బిడ్డ:
నిజమే మాస్టారూ. కానీ రైతులతో మాట్లాడేటప్పుడు "మట్టి పట్టేసింది" అంటేనే అర్థమవుతుంది.

తెలుగు మాస్టారు:
రైతు దగ్గర సరే. థీసిస్‌లో తప్పు పోకూడదు.

గాజు వద్దు:
మాటల సంగతి తర్వాత. బ్లాంక్ పెట్టిందో లేదో ఇంకా చెప్పలేదు. వడపోసిన నీళ్లు మసకగా ఉన్నా కలర్ రీడింగ్ తప్పుతుంది, కొంచెం కాల్షియం క్లోరైడ్ వేస్తే బంక కిందికి దిగుతుంది.

ఎమ్మెస్సీ మట్టి:
బ్లాంక్ పెట్టలేదు సార్. రేపు ప్లాస్టిక్ సీసాల్లో, రెండు మట్టులకూ ఒకే పీహెచ్ సర్ది చేస్తాను. థ్యాంక్స్ అక్కా.

పాతకాపు:
మట్టి ఆరబెట్టావా, తడిదా?