ఆటిజం నయం చెయ్యాల్సిన జబ్బా, ఒప్పుకోవాల్సిన తీరా? పొలం అమ్మేముందు అడుగుతున్నాను

రాయగడ నాన్న
మా వాడికి ఆరేళ్లు. మూడో ఏట విశాఖలో చూపిస్తే ఆటిజం అన్నారు. మాట లేదని కాదు, ఉంది. కానీ దాహమేస్తే "నీళ్లు" అనడు. "చాయ్... గరం చాయ్" అంటాడు, అదీ హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో టీ అమ్మేవాడి గొంతుతో, ముక్కులోంచి సాగదీసి. ఓసారి మా మావయ్య పాపం నిజంగానే టీ కలిపిచ్చాడు. వాడు గ్లాసు విసిరికొట్టాడు.

సంగతేటంటే, మా బావమరిది ఒక పెద్దూళ్లో ఆస్పత్రి కనుక్కొచ్చాడు. స్టెమ్ సెల్, అదే మూలకణాలు, ఎక్కిస్తే ఆటిజం పోతాదట, నాలుగు విడతలు. పార్వతీపురం దగ్గర మాకు కాస్త మెట్ట ఉంది, అమ్మితే సరిపోతాది. మా ఆవిడ వద్దంటోంది. "వాడు ఇలా పుట్టాడు, ఇలాగే పెంచుకుందాం" అంటాది. మా అమ్మ మజ్జిగౌరమ్మకి మొక్కుకుంది. ఒక్క ఇంట్లో మూడు దార్లు. మీరేమంటారు?

బరంపురం మందుల షాపు
ముందు ఆ పొలం అమ్మకండి, తర్వాత ఎంతైనా వాదించుకుందాం. దేశంలో వైద్య పరిశోధనలు చూసే ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులకి తప్ప స్టెమ్ సెల్ ఇంకా ప్రయోగమే. ప్రయోగానికి పిలిచి మీ పొలం అమ్మించడమేంటి?

నేను డాక్టర్ని కాను, చీటీలు చూసి మందులిచ్చేవాణ్ణి. ఈ పిల్లలకి రిస్పెరిడోన్ రాసిన చీటీలొస్తుంటాయి. "ఎన్నాళ్లు వాడితే ఆటిజం పోతుందండీ" అని అడుగుతారు. అమెరికాలో మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ 2006లో దాన్ని ఒప్పుకుంది ఈ పిల్లల్లో చిరాకుకీ, కొట్టుకోవడానికీ. ఆటిజానికని కాదు. ఆ ముక్క కౌంటర్ దగ్గర చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు.

టీకాల వల్ల వచ్చిందనేవాళ్లకీ ఇక్కడే చెప్పేస్తాను. వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు 1998లో పన్నెండుమంది పిల్లల్ని చూపించి, ఒక వైద్య పత్రికలో వ్యాసం రాసి ఆ అనుమానం పుట్టించాడు. 2010లో ఆ వ్యాసాన్ని పత్రికే వెనక్కి తీసుకుంది, ఆయన పేరు బ్రిటన్ డాక్టర్ల జాబితాలోంచి కొట్టేశారు. అయినా మా వీధిలో ఇంకా ఆ మాటే.

గుణుపురం అమ్మ
పొలం గురించి బాగానే చెప్పారు. కానీ "ఇలాగే పెంచుకుందాం" అన్న చెల్లి మా ఇంటికొచ్చి ఒక్క రాత్రి ఉండాలి. నా కూతురికి పద్నాలుగు. ఒక్క మాట లేదు. రాత్రి రెండింటికి లేచి తల గోడకేసి కొట్టుకుంటాది. ఆ గోడకి పాత బొంతలు మడతపెట్టి మేకులు కొట్టాం. ఇప్పుడు పక్క గోడ వెతుక్కుంటాది. ఇంట్లో పెళ్లిళ్లకి వెళ్లి నాలుగేళ్లయింది. ఒప్పుకోవడమన్నది మాటొచ్చిన పిల్లలున్నవాళ్ల సంబరం. నయమయ్యే మందుంటే నేను రేపే రైలెక్కుతాను, సిగ్గేం లేదు.

కోరాపుట్ లెక్కలాయన
అక్కా, మీ మీద వాదన పెట్టుకోవడానికి రాలేదు. నాకు ఆటిజమని ఇరవై తొమ్మిదో ఏట తెలిసింది. జిమ్ సింక్లెయిర్ అని, ఆయనకీ ఆటిజమే, 1993లో తల్లిదండ్రులకి ఒక మాట చెప్పాడు. బిడ్డకి ఆటిజం లేకపోతే బాగుండునని మీరంటే, ఈ బిడ్డ బదులు వేరే బిడ్డ ఉంటే బాగుండునన్నట్టే మాకు వినిపిస్తుంది అని. అది చదివి నేను చాలాసేపు లేవలేదు.

నన్ను నయం చేద్దామనుకున్నవాళ్లు ఏం చేశారో చెబుతాను. చేతులు ఆడిస్తే స్కేలు దెబ్బ. బడి ఒడియా కాబట్టి "రెండు భాషలు వీడికి ఎక్కువ, ఇంట్లో తెలుగు మానెయ్యండి" అన్నారు. మా అమ్మకి ఒడియా "కేతే" (ఎంత) దాకానే వచ్చు. మూడేళ్లు మా అమ్మ నాతో సంతలో బేరమాడినట్టు మాట్లాడింది. రెండు భాషల వల్ల ఆటిజం పిల్లలకి మాట వెనకబడదని తర్వాత పరిశోధనలు చూపించాయి. ఆ మూడేళ్లు నాకెవరిస్తారు?

గుణుపురం అమ్మ
నీకు ఇంత పొడుగు రాయడమొచ్చు తమ్ముడూ. నా కూతురి తరఫున ఎవరు రాస్తారు?

కోరాపుట్ లెక్కలాయన
నేను రాయలేను, నిజమే. కానీ తల కొట్టుకోవడాన్ని ఒప్పుకోమని నేననను. అది ఎప్పణ్ణుంచి? పళ్లు, చెవులు, మలబద్ధకం ఎవరైనా చూశారా? మాట లేని పిల్లకి నొప్పొస్తే చెప్పే దారి అదొక్కటే కావచ్చు.

గుణుపురం అమ్మ
ఏడాదిన్నర. నోరు తెరవదు. పళ్ల డాక్టరు దగ్గరికెళ్తే "ఈ పిల్లలు ఇంతేనమ్మా" అని కుర్చీ ఎక్కించకుండానే పంపేశారు. కుడివైపు నమలడం మానేసింది, అది ఇప్పుడు నువ్వడిగాక తట్టింది. తలా కుడివైపే కొడతాది.

బరంపురం మందుల షాపు
అమ్మా, ఆలస్యం చెయ్యకండి. మత్తిచ్చి పళ్లు చూసే వీలు పెద్దాసుపత్రుల్లో ఉంటుంది, మెడికల్ కాలేజీలో అడగండి. అమ్మాయికి వైకల్య సర్టిఫికెట్ ఉందా? 1995 వికలాంగుల చట్టంలోని ఏడు వైకల్యాల్లో ఆటిజం పేరే లేదు, 2016 చట్టంలో ఇరవై ఒకటి చేసి చేర్చారు. సర్టిఫికెట్ ఉంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా పెట్టుకోవచ్చు, ఏడాదికి లక్ష దాకా. రాయగడ బాబూ, మీకూ ఇదే మాట.

రాయగడ నాన్న
రాసుకున్నాను. లెక్కల తమ్ముడూ, ఒక్కటి చెప్పు. వాడు "గరం చాయ్" అన్నప్పుడు నేనేమనాలి? ఇన్నాళ్లూ "అలా అనకూడదు, నీళ్లు అను" అని అరుస్తున్నాను.

కోరాపుట్ లెక్కలాయన
అరవకండి. వాడు అడిగాడు, మీకు అర్థమైంది, ముందు నీళ్లివ్వండి. ఇస్తూ వాడే అన్నట్టు మీరు అనండి, "నాకు నీళ్లు కావాలి" అని. తెలుగులోనే. తిరిగి అనమని బలవంతపెట్టొద్దు.

రాయగడ నాన్న
పదకొండో రోజు. పొద్దున వాడు నా లుంగీ పట్టుకుని "నీళ్లూ... గరం నీళ్లూ" అన్నాడు, అదే టీవాడి గొంతు. మా అమ్మ వేణ్ణీళ్లడుగుతున్నాడనుకుని పొయ్యి వెలిగించడానికి పరిగెత్తింది. బావమరిది మాత్రం ఫోనెత్తడం లేదు. అడ్వాన్సు తన చేత్తో కట్టేశాడట.