2020లో వాయిదా పడిన సైనస్ ఆపరేషన్: వాసన పోయింది దానివల్లేనా?

ప్రశ్న:
నాకు ముక్కులో రెండు వైపులా పాలిప్స్, అంటే మెత్తటి కండ పెరిగింది. 2020 ఏప్రిల్‌లో ఎండోస్కోపీతో, అంటే ముక్కులోకి కెమెరా గొట్టం పెట్టి, సైనస్ ఆపరేషన్ చేస్తామన్నారు. మార్చిలో కోవిడ్ వల్ల వాయిదా అని ఫోన్ వచ్చింది. తర్వాత పదకొండు నెలలు ఫోన్‌లోనే వైద్యం. ముక్కు లోపల ఏముందో ఫోన్‌లో ఎలా తెలుస్తుందండీ? స్ప్రే మార్చేవారు, మాత్రలు రాసేవారు. రాత్రంతా నోటితోనే ఊపిరి. ఆ మధ్యలో నాకూ కోవిడ్ వచ్చింది. చివరికి ఆపరేషన్ అయింది, గాలి బాగా ఆడుతోంది. వాసనే సరిగ్గా రాలేదు. సబ్బు కాలిన రబ్బరులా అనిపిస్తుంది. పాప పుట్టినప్పుడు ఒళ్లో పెట్టుకుంటే పసివాసన తెలియలేదు. ఆ రోజు చాలా ఏడ్చాను. తప్పు ఆలస్యానిదా, కోవిడ్‌దా? మళ్లీ ఎండోస్కోపీ చేయించుకోమంటున్నారు, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
నేను అప్పుడు ఈఎన్‌టీ థియేటర్‌లో నర్సుని. మీ బాధ అర్థమవుతోంది, కానీ మిమ్మల్ని చిన్నచూపు చూసి ఆపలేదండీ. ఆ వైరస్ ఎక్కువగా ఉండేదే ముక్కులో, దాని వెనక గొంతు పైభాగంలో. స్కోప్ పెడితే పేషెంటుకి తుమ్ము, దగ్గు వస్తాయి. పాలిప్స్ తీసే డీబ్రైడర్, ఎముక తొలిచే డ్రిల్ వాడితే సన్నని తుంపరలు గాల్లోకి లేస్తాయి. మా ముఖాలు అక్కడికి జానెడు దూరంలో ఉండేవి. మొదట్లో ఎన్95 మాస్కులు కూడా సరిపోలేదు. క్యాన్సర్, కంటికో మెదడుకో పాకుతున్న ఇన్ఫెక్షన్, ఆగని రక్తస్రావం ఉన్నవాళ్లనే తీసుకున్నాం. తర్వాత మొదలుపెట్టినా ముందు ఆర్‌టీపీసీఆర్, కేసుకీ కేసుకీ మధ్య గదిలో గాలి మారేదాకా ఆగడం. రోజుకి ఆరు చేసే చోట రెండే అయ్యేవి. మీలాంటివాళ్ల ఫోన్లు ఎత్తింది నేనే. తేదీ చెప్పలేకపోవడం చాలా కష్టంగా ఉండేది.

జవాబు 2:
పాలిప్స్ అడ్డుపడితే వాసన తగ్గుతుంది, పోతుంది. ఒక వాసన ఇంకోలా రావడం మాత్రం ఎక్కువగా వైరస్ దెబ్బ తర్వాతే. దాన్ని పారోస్మియా అంటారు, నాకూ అయింది. ఆ వైరస్ ముఖ్యంగా వాసన నరాల పక్కన ఉండే ఆధార కణాలను దెబ్బతీస్తుందని మా డాక్టర్ చెప్పారు. గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ రోజుకి రెండుసార్లు, ఒక్కోటి ఇరవై సెకన్లు, మనసు పెట్టి పీల్చండి. కనీసం మూడు నెలలు పడుతుంది, అందరికీ పూర్తిగా రాదు. నాకు కాఫీ వచ్చింది, ఉల్లిపాయ ఇంకా రాలేదు. పాలిప్స్ మళ్లీ పెరగొచ్చు కాబట్టి ఎండోస్కోపీ మాత్రం మానకండి.

ప్రశ్న అడిగినవారు:
నర్సు గారూ, ఫోన్ అవతల మీకూ కష్టంగా ఉండేదని ఇన్నాళ్లూ నాకు తోచలేదు. సోమవారానికి ఎండోస్కోపీ టైమ్ తీసుకున్నాను. ఇప్పుడే లవంగాల డబ్బా మూత తీశాను. ఘాటు తెలిసింది, వాసన ఇంకా తెలియలేదు. రాత్రికి మళ్లీ తీస్తాను.